గుండె కొట్టుకుంటున్నా మనిషి చనిపోయినట్టేనా? జవాబు మెదడు అడుగున ఉన్న ఒక చిన్న వలలో ఉంది

పుదుచ్చేరి ఊరి చివర గోరిమేడులో ఉన్న జిప్‌మర్ ఆసుపత్రికి రోజూ వేల మంది వస్తారు. కడలూరు, విల్లుపురం, తిరువణ్ణామలై వంటి పొరుగు జిల్లాల వారికి కూడా అదే పెద్దాసుపత్రి. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాలతో మొదలైన ఈ సంస్థకు 1964లో ఇప్పుడున్న పేరు వచ్చింది. 2008లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా దక్కింది.

ఇలాంటి పెద్దాసుపత్రులన్నిటిలోనూ, తలకు గాయమై వచ్చినవారి బంధువులు ఐసీయూ తలుపు దగ్గర అడిగే ప్రశ్న ఒకటుంది. ఒళ్లు వెచ్చగా ఉంది. ఛాతీ లేచి పడుతోంది. తెరమీద గుండె గీత నడుస్తోంది. అయినా డాక్టర్లు బ్రెయిన్ డెడ్ అంటున్నారు. గుండె ఆడుతున్న మనిషి ఎలా చనిపోయినట్టు?

ఈ ప్రశ్నకు జవాబు మెదడు అడుగున, సుమారు బొటనవేలంత ఉండే ఒక భాగంలో ఉంది. దాని పేరు బ్రెయిన్ స్టెమ్. మన పాఠ్యపుస్తకాల్లో మెదడు కాండం అంటారు. దాని లోపల వలలా అల్లుకున్న న్యూరాన్ల సముదాయాన్ని రెటిక్యులర్ ఫార్మేషన్ అంటారు. తెలుగులో జాలక నిర్మాణం అనుకోవచ్చు. భారత చట్టం చావుకు, బతుకుకు మధ్య గీత గీసింది ఈ భాగం మీదే.

ఏమిటీ వల? ఎక్కడుంది?

మెదడు కాండం పైన పెద్ద మెదడును, కింద వెన్నుపామును కలుపుతుంది. ఇందులో మూడు అంతస్తులున్నాయి. పైన మధ్యమెదడు, నడుమ పాన్స్, అడుగున మెడుల్లా. కన్ను కదలడానికి, ముఖం స్పర్శకు, మింగడానికి, వినడానికి సంబంధించిన నరాల కేంద్రాలు ఈ అంతస్తుల్లో విడివిడిగా గుంపులు కట్టి ఉంటాయి. ఆ గుంపుల మధ్య ఖాళీలన్నిటినీ నింపుతూ, అడుగు నుంచి పైవరకూ పరచుకున్నదే రెటిక్యులర్ ఫార్మేషన్.

పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలకు మైక్రోస్కోపు కింద అది హద్దులు తెలియని చిక్కు వలలా కనిపించింది. అందుకే ఆ పేరు. ఒక్కో న్యూరాన్ నుంచి తీగలు చాలా దూరం పాకుతాయి. కొన్ని పైకి మెదడులోకి, కొన్ని కిందకు వెన్నుపాములోకి వెళ్తాయి. కొన్ని రెండు వైపులకూ వెళ్తాయి. ఒకేసారి శరీరమంతటికీ సంకేతం పంపాల్సిన పనులకు ఇలాంటి అల్లికే కావాలి.

తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఇది ఒకే ముద్ద కాదు. ఇందులో వేర్వేరు రసాయనాలతో పనిచేసే అనేక చిన్న కేంద్రాలున్నాయి. నారడ్రినలిన్ పంపేవి కొన్ని, సెరటోనిన్ పంపేవి కొన్ని, ఎసిటైల్‌కోలిన్ పంపేవి కొన్ని. పని మాత్రం కలిసికట్టుగా సాగుతుంది.

మనకు తెలియకుండా ఏమేం చేస్తోంది?

ఈ వాక్యం చదువుతున్న సమయంలో కూడా ఈ వల కనీసం నాలుగు పనులు చేస్తూ ఉంటుంది.

మొదటిది ఊపిరి. మెడుల్లాలోని ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్ అనే చిన్న కేంద్రం ఉచ్ఛ్వాసకు లయ కడుతుంది. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ బృందం దీని గురించి ప్రకటించింది. పడుకున్నా, మాట్లాడుతున్నా, ఊపిరి సంగతే మరిచిపోయినా ఈ లయ ఆగదు. నల్లమందు జాతి మందులు మోతాదు మించితే ప్రాణం పోవడానికి ముఖ్య కారణం, అవి ఊపిరి నడిపే ఈ కేంద్రాలను మందగింపజేయడమే.

రెండోది రక్తపోటు. పడుకున్నవారు చటుక్కున లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. మెడ ధమనుల్లోని గ్రాహకాలు ఒత్తిడి తగ్గిందని మెడుల్లాకు కబురు పంపుతాయి. అక్కడి న్యూరాన్లు క్షణాల్లో రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచుతాయి. ఇది కాస్త ఆలస్యమైతే కళ్లు బైర్లు కమ్ముతాయి. అసలే జరగకపోతే పడిపోతాం.

మూడోది కండరాల బిగువు. కూర్చున్నప్పుడు మెడ వాలిపోకుండా, నిలబడ్డప్పుడు మోకాళ్లు మడతపడకుండా చూసే సంకేతాలు ఇక్కడి నుంచి వెన్నుపాములోకి దిగుతాయి. కలలొచ్చే నిద్రలో ఒళ్లు కదలకుండా కండరాలను సడలించేదీ మెదడు కాండమే. మింగడం, దగ్గు, వాంతి, పొలమారినప్పుడు గొంతు మూసుకోవడం వంటి పనుల క్రమం కూడా ఇక్కడే ఉంటుంది.

నాలుగోది మెలకువ. నిజానికి ఈ వలకు పేరు తెచ్చింది ఇదే.

పిల్లుల మీద ప్రయోగం, 1949

మెదడు మెలకువగా ఉండటానికి కళ్లు, చెవులు, చర్మం పంపే సమాచారమే కారణమని చాలాకాలం అనుకున్నారు. సమాచారం తగ్గితే మెదడు నిద్రపోతుందన్నది అప్పటి లెక్క.

1949లో ఇటలీకి చెందిన జుసెప్పే మొరుజ్జి, అమెరికాకు చెందిన హొరేస్ మగూన్ కలిసి ఈ లెక్కను మార్చారు. పిల్లుల మెదడు కాండంలోని రెటిక్యులర్ ఫార్మేషన్‌కు సన్నని విద్యుత్తు ఇచ్చి, పెద్ద మెదడు తరంగాలను నమోదు చేశారు. నిద్రలో కనిపించే పెద్ద, నెమ్మది అలలు పోయి, మెలకువలో కనిపించే చిన్న, వేగమైన అలలు వచ్చాయి. అంటే మెదడును మేల్కొలిపే వ్యవస్థ ఒకటి లోపలే ఉంది.

అంతకు మూడు దశాబ్దాల ముందే వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనొమో అనే వైద్యుడు ఇంకో దారిలో ఇదే దిక్కుకు వచ్చాడు. 1917 ప్రాంతంలో వ్యాపించిన ఒక మెదడువాపు జబ్బులో కొందరు వారాల తరబడి నిద్రలోనే ఉండిపోయారు. చనిపోయినవారి మెదళ్లను పరీక్షిస్తే, మధ్యమెదడు, హైపోథలామస్ కలిసే చోట దెబ్బ కనిపించింది.

ఆలోచన, జ్ఞాపకం, మాట పెద్ద మెదడు పనులే. కానీ ఆ పెద్ద మెదడును వెలిగించి ఉంచే కరెంటు కింద నుంచి రావాలి. ఇల్లంతా బల్బులున్నా మీటరు దగ్గర ఫ్యూజు పోతే చీకటే. పెద్ద మెదడు బాగానే ఉన్నా, కాండం పైభాగంలో రెండు వైపులా చిన్న దెబ్బ తగిలితే మనిషి కోమాలోకి వెళ్లగలడు.

దీనికి తిరుగు ఉదాహరణ కూడా ఉంది. పాన్స్ ముందుభాగం మాత్రమే దెబ్బతిని, వెనుకనున్న రెటిక్యులర్ ఫార్మేషన్ మిగిలితే మనిషి పూర్తి తెలివితో ఉంటాడు. కాళ్లూ చేతులూ కదలవు, మాట రాదు. కళ్లు పైకీ కిందకీ కదపడం, రెప్ప వేయడం మాత్రమే మిగులుతాయి. ఫ్రెంచి పత్రికా సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీ 1995లో పక్షవాతం వచ్చి ఈ స్థితిలో పడ్డాడు. ఎడమ కంటి రెప్పతో అక్షరాలు ఎంచి ఒక పుస్తకమే చెప్పి రాయించాడు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ కదలరు. ఒకరిలో మెలకువ ఉంది, మరొకరిలో లేదు. తేడా అంతా కొన్ని మిల్లీమీటర్లది.

ఊపిరి అనే పిడి

ఈ నాలుగు పనుల్లో మనం కావాలనుకుని చేయి వేయగలిగేది ఊపిరి మీదే. రక్తపోటును తగ్గమంటే తగ్గదు. ఊపిరిని మాత్రం నెమ్మదిగా తీసుకోవచ్చు, కాసేపు బిగపట్టవచ్చు. ప్రాణాయామం పట్టుకున్నది ఈ పిడినే.

పుదుచ్చేరిలో దీనికి ప్రత్యేక చరిత్ర ఉంది. ఆశ్రమాల ఊరుగా పేరున్న ఈ పట్టణంలోనే, జిప్‌మర్ ఫిజియాలజీ విభాగం దశాబ్దాలుగా యోగాను ప్రయోగశాలలో కొలుస్తోంది. 2008లో మొరార్జీ దేశాయ్ జాతీయ యోగా సంస్థ సహకారంతో ఇక్కడ యోగా చికిత్స, విద్య, పరిశోధనలకు ఒక కేంద్రం ఏర్పడింది. అంతకుముందే, 2004లో జి.కె. పాల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 60 మంది వైద్య విద్యార్థులను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు మూడు నెలలు నెమ్మది శ్వాస, రెండో జట్టు వేగపు శ్వాస సాధన చేశాయి. నెమ్మది శ్వాస జట్టులో గుండెను నిదానపరిచే పారాసింపథెటిక్ నరాల పని పెరిగింది. వేగపు శ్వాస జట్టులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఎందుకిలా? ఊపిరి లయను కట్టే న్యూరాన్లు, గుండెను నిదానపరిచే వేగస్ నాడి న్యూరాన్లు మెడుల్లాలో ఇరుగుపొరుగువి. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. నిశ్వాసను పొడిగిస్తే నెమ్మదించే సమయమూ పెరుగుతుంది. 2017లో ఎలుకల మీద జరిగిన పరిశోధన ఇంకో లంకెను చూపింది. ప్రీ-బోట్జింగర్‌లోని కొద్దిపాటి న్యూరాన్లు నేరుగా మెలకువ కేంద్రానికి సంకేతాలు పంపుతున్నాయి. వాటిని తొలగిస్తే ఎలుకలు అసాధారణంగా శాంతంగా మారాయి. మనుషుల్లోనూ అంతేనని ఇంత మాత్రం చేత చెప్పలేం. రక్తపోటు మందుకు ప్రాణాయామం ప్రత్యామ్నాయమనీ దీని అర్థం కాదు.

ఈ పిడికి ఒక హద్దుంది. ఎంత సాధన ఉన్నవారైనా ఊపిరి బిగపట్టి ప్రాణం తీసుకోలేరు. బిగపట్టిన కొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మెడుల్లాలోని గ్రాహకాలు దాన్ని పసిగట్టి, మన ఇష్టాన్ని పక్కకు నెట్టి ఊపిరి లాగిస్తాయి. స్పృహ తప్పినా సరే, ఈ తోపు పనిచేస్తుంది. ఐసీయూలో జరిగే చివరి పరీక్షకు ఆధారం ఇదే.

ఆ పడక పక్కన డాక్టర్లు ఏం చూస్తారు?

వెంటిలేటర్లు రాకముందు ఈ సమస్యే లేదు. మెదడు కాండం ఆగితే ఊపిరి ఆగేది, నిమిషాల్లో గుండె ఆగేది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, గొంతులో గొట్టం పెట్టి గాలి పంపే పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది. అది అనేక ప్రాణాలు కాపాడింది. దాంతోపాటే కొత్త స్థితి ఒకటి పుట్టింది. 1959లో పారిస్ వైద్యులు మొలారే, గులోన్ దానికి కోమాను దాటిన స్థితి అని పేరు పెట్టారు. గుండె తనంతట తానే కొట్టుకోగలదు, ఎందుకంటే దాని లయ దానిలోనే పుడుతుంది. ఆక్సిజన్ అందితే చాలు. యంత్రం ఊపిరి పోస్తుంటే, మెదడు మొత్తం పోయినా గుండె కొంతకాలం ఆడుతుంది.

1968లో హార్వర్డ్ కమిటీ, 1976లో బ్రిటన్ వైద్య కళాశాలల సమాఖ్య ఈ స్థితిని గుర్తించే పరీక్షలను రూపొందించాయి. బ్రిటన్ మెదడు కాండాన్నే ప్రమాణంగా తీసుకుంది. భారత్‌ కూడా అదే దారిలో నడిచింది.

పరీక్షలు ఒక క్రమంలో, అంతస్తు అంతస్తుగా సాగుతాయి. కంట్లో వెలుగు వేస్తే కంటిపాప చిన్నదవ్వాలి, ఇది మధ్యమెదడు పని. నల్లగుడ్డును దూది కొసతో తాకితే రెప్ప పడాలి, చెవిలో చల్లని నీళ్లు పోస్తే కళ్లు కదలాలి. ఈ రెండూ పాన్స్ మీదుగా సాగే పనులు. గొంతు వెనుక తాకితే డోకు రావాలి, శ్వాసగొట్టంలోకి సన్నని గొట్టం పంపితే దగ్గు రావాలి. ఇవి మెడుల్లా పనులు.

చివరిది ఊపిరి పరీక్ష. ఆక్సిజన్ అందుతూనే ఉండగా వెంటిలేటర్‌ను కొన్ని నిమిషాలు వేరు చేస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 60 మిల్లీమీటర్లు దాటేదాకా చూస్తారు. బతికున్న మెడుల్లా ఆ తోపుకు లొంగి తీరాలి. ఒక్క ఊపిరి కూడా తీసుకోకపోతే ఆ కేంద్రం పోయినట్టు.

రెటిక్యులర్ ఫార్మేషన్‌ను నేరుగా తాకి చూసే పరీక్ష లేదు. కానీ దాని ఇరుగుపొరుగంతా, పై అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా మూగబోతే, వాటి మధ్య పరచుకున్న వల మిగిలే అవకాశం లేదు. వల లేకపోతే మెలకువ తిరిగి రాదు, ఊపిరి తిరిగి రాదు. అందుకే ఇంత చిన్న భాగం మీద ఇంత పెద్ద నిర్ణయం ఆధారపడుతుంది.

కట్లపాము పెట్టే మెలిక

ఈ పరీక్షలు మొదలుపెట్టే ముందే డాక్టర్లు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మెదడుకు ఏం దెబ్బ తగిలిందో స్కాన్ వంటి ఆధారాలతో తెలియాలి. మత్తుమందులు, కండరాలను సడలించే మందులు ఒంట్లో లేవని నిర్ధారించుకోవాలి. ఒళ్లు మరీ చల్లబడి ఉండకూడదు. సోడియం, చక్కెర తీవ్రంగా తేడాగా ఉండకూడదు.

పొలాలున్న ఊళ్లలో మరో ముఖ్యమైన జాగ్రత్త పాముకాటు. కట్లపాము విషం నరాలు, కండరాలు కలిసే చోటును అడ్డుకుంటుంది. రెప్పలు వాలిపోతాయి, కళ్లు కదలవు, కంటిపాపలు కూడా వెలుగుకు స్పందించకపోవచ్చు. ఊపిరి ఆగుతుంది. చూడటానికి అచ్చం మెదడు కాండం పోయినట్టే ఉంటుంది. కానీ లోపల మెదడు బాగానే ఉంటుంది. వెంటిలేటర్ మీద ఉంచి, విరుగుడు ఇచ్చి, ఓపిక పడితే ఇలాంటివారు కోలుకుని ఇంటికి వెళ్తారు. కట్లపాము తరచుగా రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. గాటు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. అందుకే నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషి తెల్లారేసరికి కదలకుండా పడి ఉంటే, ముందు రాత్రి ఎక్కడ పడుకున్నారో డాక్టర్లకు చెప్పడం కుటుంబం చేయగల పెద్ద సాయం.

కోమా వేరు, బ్రెయిన్ డెడ్ వేరు

ఈ రెండు మాటలూ వార్తల్లోనూ, ఇళ్లలోనూ కలగాపులగం అవుతుంటాయి. కోమాలో ఉన్నవారి మెదడు కాండం కొంతైనా పనిచేస్తూ ఉంటుంది. కొందరు కోలుకుంటారు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ 1973లో దాడికి గురైన అరుణా శాన్‌బాగ్ 2015లో చనిపోయేదాకా 42 ఏళ్లు అదే ఆసుపత్రిలో ఉన్నారు. ఆమె పెద్ద మెదడు బాగా దెబ్బతింది. కానీ ఊపిరి తనంతట తానే ఆడేది, కళ్లు తెరిచేవారు. అంటే మెదడు కాండం బతికే ఉంది. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆమె బ్రెయిన్ డెడ్ కాదని స్పష్టంగా చెప్పింది.

మెదడు కాండం పోయినవారు కోలుకోరు. రక్తపోటు నడిపే కేంద్రం కూడా పోయింది కాబట్టి, యంత్రాలు, మందులు సాగుతున్నా సాధారణంగా గంటల్లో లేదా రోజుల్లో గుండె ఆగిపోతుంది. కుటుంబాలను కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. వేళ్లు కదలవచ్చు, ఒక్కోసారి చేతులే లేవవచ్చు. అవి వెన్నుపాము నుంచి వచ్చే ప్రతీకార చర్యలు. వాటికి మెదడు అక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

మానవ అవయవాల మార్పిడి చట్టాన్ని పార్లమెంటు 1994లో చేసింది. మెదడు కాండం పనులన్నీ శాశ్వతంగా, తిరిగి రాని విధంగా ఆగిపోయిన స్థితిని అది మరణంగా గుర్తించింది. నలుగురు వైద్యుల బోర్డు ధ్రువీకరించాలి. అందులో ఆసుపత్రి బాధ్యుడు, ఒక నిపుణుడు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్, చికిత్స చేస్తున్న డాక్టరు ఉంటారు. అవయవాలు అమర్చే బృందంలోని వారికి ఇందులో చోటు లేదు. పరీక్షలు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. 2011 సవరణతో, న్యూరాలజిస్టు దొరకని చోట మత్తు వైద్యులు, ఐసీయూ నిపుణులు వంటివారికీ అవకాశం ఇచ్చారు.

ఈ చట్టం మొదట్లో గోవా, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్రలతో పాటు కేంద్రపాలిత ప్రాంతాలన్నిటికీ వర్తించింది. అలా 1995 ఫిబ్రవరి నుంచే పుదుచ్చేరి పట్టణంతో పాటు తెలుగువారి యానాం కూడా దీని కిందకు వచ్చింది. యానాం పొలిమేర దాటితే మాత్రం అప్పట్లో వేరే చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంతంగా చట్టం చేసుకుంది. తెలుగు రాష్ట్రాల్లో మరణానంతర అవయవదానాలను జీవన్‌దాన్ పథకం చూస్తోంది. 2011 సవరణలతో ఉన్న కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం చేసింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. మరణానికి అది చెప్పే నిర్వచనంలో మెదడు కాండం ప్రస్తావనే లేదు. దాంతో అవయవదానానికి ఒప్పుకున్న కుటుంబం విషయంలో దారి స్పష్టంగా ఉంది. ఒప్పుకోని కుటుంబం విషయంలో వెంటిలేటర్ తీయాలా, ఎప్పుడు తీయాలి అన్న దగ్గర ఆసుపత్రులు తటపటాయిస్తాయి. అదే స్థితిలో ఉన్న ఇద్దరిలో ఒకరు చట్టం దృష్టిలో చనిపోయినట్టు, మరొకరు గుండె ఆగేదాకా పడక మీద ఉన్నట్టు అవుతోంది. రోజుకింత చొప్పున బిల్లు కట్టే కుటుంబానికి ఇది మాటల తేడా కాదు.

ఐసీయూ బయట నిలబడ్డవారు అడగదగ్గ ప్రశ్నలు మూడున్నాయి. ఇది కోమానా, మెదడు కాండం మరణమా? ఊపిరి పరీక్ష చేశారా, రెండోసారి ఎప్పుడు చేస్తారు? మందుల ప్రభావం, విషం, పాముకాటు వంటివి కావని ఎలా తేల్చారు? ఇవి అడగడం డాక్టర్లను అనుమానించడం కాదు. ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా ఉండాలన్నదే ఆ ధ్రువీకరణ ఉద్దేశం. జవాబులు తెలిశాక అవయవదానానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం. ఒప్పుకుంటే ఒక్కరి గుండె, కాలేయం, రెండు కిడ్నీలు, రెండు ఊపిరితిత్తులు, క్లోమం, చిన్నపేగు కలిపి ఎనిమిది మంది దాకా ఉపయోగపడగలవు. ఒప్పుకోకపోయినా, ఆ పడక మీద ఏం జరిగిందో తెలుసుకునే హక్కు వారికి ఉంది.